ఆ గీతేంటి బాబూ?

డెమో అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? నాకైతే అమీర్‌పేటలో కరెంటు స్తంభాలకి అంటించి ఉండే ‘రేపు ఉదయం ఉచిత డెమో క్లాసు’ కాగితాలు గుర్తొస్తాయి. మా ఆవిడకి వాక్యూమ్ క్లీనర్ కుర్రాడు. ఒక ఆదివారం ఇంటికొచ్చి, సంచీలోంచి గుప్పెడు దుమ్ము తీసి మా తివాచీ మీద తనే పోసి, ‘చూడండి మేడమ్’ అంటూ తనే పీల్చాడు. ముప్పాతిక వంతే పీల్చింది. మిగిలిన పాతికా ఆవిడ చీపురుతో ఊడ్చుకుంది. ఇప్పటికీ ఆ సంగతి వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది.

నేను ఇవాళ చెప్పబోయే డెమో ఈ రెండూ కాదు. దీన్ని అమ్మేవాళ్ళు లేరు, కొనేవాళ్ళూ లేరు. అదొక ప్రోగ్రాం. నడిపితే తెర మీద నాలుగైదు నిమిషాలు రంగులూ ఆకారాలూ కదులుతాయి, వాటికి తగ్గ సంగీతం వినిపిస్తుంది, అయిపోతుంది. ‘అయితే వీడియోనేగా’ అనకండి. వీడియో పొద్దున్నే వండి క్యారేజీలో సర్దిన భోజనం. డెమో మీ కళ్ళముందు పెనం మీద పడుతున్న అట్టు. ప్రతి బొమ్మనీ కంప్యూటరు ఆ క్షణాన లెక్కగట్టి గీయాల్సిందే. పిండి పులవకపోయినా, పెనం కాలకపోయినా అందరి ముందే బయటపడిపోతుంది.

ఈ సరదా పుట్టింది మన దగ్గర కాదు. 1980ల్లో ఐరోపాలో, అదీ దొంగల ఇంట్లో పుట్టింది. 1982లో కమడోర్ 64 అనే కంప్యూటరు వచ్చి అక్కడి మధ్యతరగతి పిల్లల గదుల్లోకి చేరింది. ఆటల ఫ్లాపీలకి నకళ్ళు తీయకుండా కంపెనీలు తాళాలు వేసేవి. ఆ తాళం పగలగొట్టిన కుర్రాళ్ళు ఊరికే ఉంటారా? ఆట మొదలయ్యే ముందు తమ ముఠా పేరు ధగధగా మెరిసేలా ఒక తెర అతికించేవారు. కన్నం వేసిన ఇంటి గోడ మీద సంతకం చేసి పోవడమన్నమాట. కొన్నాళ్ళకి కొందరికి కన్నం మీద కన్నా సంతకం మీద మోజు పెరిగింది. ఆటని వదిలేసి ఉత్త సంతకాలే చేయసాగారు. అదీ డెమోల పుట్టుక.

ఆ యంత్రంలో ఉన్న సరుకు చెబితే నవ్వుతారు. 64 కిలోబైట్ల మెమరీ, 16 రంగులు, తెర మీద ఒకేసారి కదిలే బొమ్మలు ఎనిమిది, సిడ్ అనే చిప్పులో పాడటానికి మూడు గొంతులు. అంతే. కానీ పాత టీవీ తెర మీద కిరణం పైనుంచి ఒక్కో వరుసా గీసుకుంటూ కిందికి దిగుతుంది కదా, వీళ్ళు ఆ కిరణం ఎక్కడుందో కనిపెట్టి, సరిగ్గా సమయానికి చిప్పుని బురిడీ కొట్టించి, పైన గీసేసిన బొమ్మనే కింద మళ్ళీ వాడుకుని, ఎనిమిదింటిని డజన్లుగా చూపించారు. గీయడానికి వీల్లేదని తయారుచేసినవాళ్ళు వదిలేసిన తెర అంచుల్లో కూడా గీశారు. మన పెళ్ళిళ్ళలో ఒకే పట్టుచీర అక్కా చెల్లెళ్ళు వంతులవారీగా కట్టుకుని, పది చీరలున్న ఇల్లనిపించుకోవడం మీరు చూసే ఉంటారు.

ఈ డెమోలు ఊళ్ళు తిరిగింది పోస్టులో. తపాలా ఖర్చు తగ్గించుకోవడానికి స్టాంపు మీద పల్చగా జిగురు పూసేవాళ్ళట. పోస్టాఫీసు ముద్ర ఆ జిగురు మీద పడుతుంది. అవతలివాడు కడిగితే ముద్ర పోతుంది, స్టాంపు తిరుగు టపాలో మళ్ళీ పనికొస్తుంది. (నేను చెప్పానని మీరు చేయకండి. అయినా ఇప్పుడు స్టాంపు అంటించి ఉత్తరం వేసేదెవరు లెండి.) డెమోలో ఎక్కడో ఒకచోట అక్షరాలు గూడ్సుబండిలా కుడినుంచి ఎడమకి సాగిపోతుంటాయి. స్క్రోలర్ అంటారు దాన్ని. అందులో స్నేహితులకి పలకరింపులు, పడనివాళ్ళకి ఎత్తిపొడుపులు, తమ కిందటి డెమోని తిట్టినవాళ్ళకి జవాబులు ఉండేవి. ఆ జవాబుకి జవాబు వాళ్ళు చేసే తరవాతి డెమోలో వచ్చేది. తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు కవులకీ నడిచిన గొడవల్లాంటివే అనుకోండి, ఛందస్సు ఒక్కటే తక్కువ.

కవుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. డెమోలవాళ్ళు ఒకచోట చేరి పోటీలు పెట్టుకుంటారు. ఫిన్లాండ్‌లో అసెంబ్లీ అనే సంబరం 1992లో మొదలైంది. జర్మనీలో సార్‌బ్రుకెన్ అనే ఊళ్ళో 2011 నుంచి ఈస్టర్ పండక్కి రివిజన్ జరుగుతోంది. పెద్ద హాలు, చీకటి, గోడంత తెర. చేసినవాడు కూడా ఆ జనంలోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఓట్లు వేసేదీ ఆ జనమే. మధ్యలో ఏ సందర్భమూ లేకుండా ఒకడు ‘అమీగా!’ అని గావుకేక పెడతాడు. అమీగా 1985లో వచ్చిన కంప్యూటరు. దాని భక్తులు ఇంకా ఉన్నారు. ఎవరి డెమో ఆడుతున్నా సరే, ఏ యంత్రం మీద ఆడుతున్నా సరే, ఆ కేక పడాల్సిందే.

ఆ కేక గురించి తెలిసినప్పుడు నాకు అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి జ్ఞాపకమొచ్చాడు. అవధాని నిషిద్ధాక్షరితో కుస్తీ పడుతుంటే ‘అవధాని గారూ, మీ ఇంట్లో ఇవాళ ఏం కూరండీ’ అని అడుగుతాడే, ఆయన. అసలు డెమో పోటీల నిబంధనలు చూస్తే నిషిద్ధాక్షరే. ప్రోగ్రాం, బొమ్మలు, సంగీతం అన్నీ కలిపి 64 కిలోబైట్లు దాటకూడదని ఒక పోటీ. నాలుగు కిలోబైట్లని ఇంకో పోటీ, 256 బైట్లని మరో పోటీ. 2009లో బ్రేక్‌పాయింట్ అనే సంబరంలో నాలుగు కిలోబైట్ల పోటీ గెలిచిన ‘ఎలివేటెడ్’ చూడండి. మంచు కొండలు, లోయలు, సరస్సులు, వాటి మీదుగా ఎగిరే కెమెరా, పైన సంగీతం. మొత్తం 4096 బైట్లు. ఎంతో తెలియాలంటే మన అక్షరాల్లో కొలుద్దాం. ఇవాళ తెలుగు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. ‘తెలుగు’ అన్న మాటకి 18. ఆ మాటని ఎడం లేకుండా 227 సార్లు రాస్తే ఆ కొండలన్నీ పట్టిన చోటు నిండిపోతుంది. మీరు చదువుతున్న ఈ కబుర్లు దానికి ఎన్నో రెట్లు. కొండ కాదు కదా, ఒక గులకరాయి కూడా గీయలేదు ఇంకా.

కొండల్ని ఫొటోలుగా దాచరు. ఎలా పుట్టాలో సూత్రం దాస్తారు. విత్తనం పంపితే చెట్టు అక్కడికెళ్ళి మొలుస్తుంది.

సరే, నా గొడవలోకి వస్తాను. 1996. కోస్తాలో ఒక ఇంజనీరింగు కాలేజీ, పేరెందుకు లెండి. ల్యాబ్ బయట చెప్పులు విడిచి లోపలికెళ్ళాలి. దేవుడి గది తరవాత మనవాళ్ళు అంత మర్యాద ఇచ్చింది కంప్యూటరు గదికే, అందులో ఏసీ ఉండబట్టి. ఒక సీనియర్ అన్నయ్య సింగపూర్ నుంచి తెచ్చిన ఫ్లాపీల్లో ‘సెకండ్ రియాలిటీ’ ఉంది. ఫ్యూచర్ క్రూ అనే ఫిన్లాండ్ కుర్రాళ్ళు చేసి, 1993 అసెంబ్లీలో మొదటి బహుమతి కొట్టిన డెమో. మా ల్యాబ్‌లో సౌండు కార్డు లేదు. మూకీ సినిమాలా చూశాం. చూసి నోళ్ళు వెళ్ళబెట్టాం. పన్నెండేళ్ళ తరవాత పాటతో సహా చూస్తే గానీ, ఆ మార్పులన్నీ తాళానికి పడుతున్నాయని నాకు తెలియలేదు. ఊరికే మారుతోందనుకున్నవన్నీ దరువు మీద మారుతున్నాయి. అంతకాలం నేను సగం కళ్ళతో మెచ్చుకున్నానన్నమాట.

అది చూసిన రాత్రే నేనూ చేయాలనుకున్నాను. టర్బో సీ లో గ్రాఫిక్స్ అంటే మాకు నేర్పింది ఇనిట్‌గ్రాఫ్. దాని దారి సరిగ్గా ఇవ్వకపోతే తెర తెరుచుకోదు. ఇచ్చినా పదహారే రంగులు, నత్తనడక. ఆ అన్నయ్యే పదమూడో మోడ్ సంగతి చెప్పాడు. (అది పదహారుల లెక్కలో పదమూడు, మన లెక్కలో పంతొమ్మిది. ఈ ముక్క తెలియక ఒక పూటంతా కొట్టుకున్నాను.) అందులో అడ్డంగా 320, నిలువుగా 200, మొత్తం 64,000 చుక్కలు. ఒక్కో చుక్కకి ఒక్కో బైటు. రంగులు 256. మనకి చుక్కల ముగ్గు పుట్టుకతో తెలుసు కదా, ఇది కాస్త పెద్ద ముగ్గు, అంతే.

నేను చేసింది ప్లాస్మా. అప్పట్లో ఈ దారిలోకి వచ్చిన ప్రతివాడూ చేసే శ్రీకారం అది. ప్రతి చుక్క దగ్గరా మూడు నాలుగు సైన్ తరంగాలను కలిపి, వచ్చిన అంకెనే రంగు చేస్తే, నూనె తెట్టు నీళ్ళలో తేలినట్టు మెలికలు మెలికలుగా ఒక బొమ్మ వస్తుంది. దాన్ని కదిలించడానికి 64,000 చుక్కల్నీ మళ్ళీ గీయక్కర్లేదు. చుక్కలో ఉండేది రంగు కాదు, రంగు నంబరు. ఫలానా నంబరంటే ఏ రంగో చెప్పే పట్టీ వేరే ఉంటుంది: 256 రంగులు, ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు, వెరసి 768 బైట్లు. ఆ పట్టీని ఒక్కో మెట్టు జరుపుతూ పోతే తెరంతా ప్రవహిస్తున్నట్టుంటుంది. ముగ్గు కదలదు, దానిమీద పోసిన రంగులు మాత్రం పరిగెడతాయి. మొదటిసారి అది కదిలినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

చూసినవాళ్ళు ‘కేక’ అన్నారు, ‘సూపర్ రా’ అన్నారు. నేను గాల్లో తేలుతున్నాను. సాయంత్రం ల్యాబ్ మూసే వేళకి అటెండర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. కంప్యూటర్లకి గుడ్డలు కప్పుకుంటూ నా దగ్గరకొచ్చి ఆగాడు. ఒక నిమిషం చూశాడు.

‘బానే ఉంది గానీ, ఆ గీతేంటి బాబూ?’

‘ఏ గీత బాబాయ్?’

‘అదుగో, అడ్డంగా. జారుతోంది కిందికి.’

నాకు కనబడలేదు. నిజం చెబుతున్నాను, మూడు రోజులుగా దాని ముందే కూర్చున్నా కనబడలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక కనబడింది. ఆ తరవాత అదొక్కటే కనబడసాగింది. నేనేమన్నానో తెలుసా? ‘అది మానిటర్ దోషం బాబాయ్’ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పక్క మానిటరు వైరు పీకి తెచ్చి నా డబ్బాకి తగిలించాడు. గీత అక్కడా వచ్చింది. ‘దీనిక్కూడా దోషమే ఉన్నట్టుంది’ అని, గుడ్డ నా చేతికిచ్చి, కప్పి రమ్మని వెళ్ళిపోయాడు.

తరవాత తెలిసింది, ఆయన కుర్రతనంలో టూరింగ్ టాకీసు క్యాబిన్‌లో పనిచేశాడట. రీలు పట్టు తప్పితే తెర మధ్యలో అడ్డగీత పడుతుంది, నేల టిక్కెట్టు జనం ‘ఫ్రేమ్! ఫ్రేమ్!’ అని ఈలలు వేస్తారు, వెంటనే సరిచేయాలి. పదేళ్ళు ఆ ఈలలు విన్న కన్ను అది. నా జబ్బు వేరే, లక్షణం అలాంటిదే. మానిటర్లో కిరణం సెకనుకి 70 సార్లు పైనుంచి కిందికి గీస్తూ దిగుతుంది. సగం దిగాక నేను రంగుల పట్టీ మార్చేస్తున్నాను. పై సగానికి పాత రంగులు, కింది సగానికి కొత్తవి, మధ్యలో అతుకు. కిరణం అడుగుకి చేరి మళ్ళీ పైకి వెళ్ళే ఆ చిటికెడు వ్యవధి కోసం ఆగి, అప్పుడు మార్చాలి. ప్రోగ్రాంలో రెండే రెండు వరుసలు. రాశాను. గీత పోయింది.

అసలు విశేషం ఇంకోటి ఉంది. అంతకు ముందే మా పెదనాన్నగారింట్లో కొత్త పెంటియం కొంటే అక్కడ మా అమ్మకి నా ప్లాస్మా చూపించాను. ‘రంగులు బాగున్నాయిరా, కానీ కళ్ళు తిరుగుతున్నాయి’ అని మొహం తిప్పేసుకుంది. అమ్మకి కళ్ళు తిరగడం కొత్తేం కాదని నేను పట్టించుకోలేదు. నా ప్రోగ్రాం యంత్రం ఎంత వేగంగా పోగలిగితే అంత వేగంగా పోతోంది. మా ల్యాబ్ 386 మీద నదిలా ఉన్నది పెంటియం మీద బొంగరంలా తిరిగింది. గీత కోసం రాసిన ఆ రెండు వరుసలూ ప్రతి మెట్టుకీ కిరణం కోసం ఆగుతాయి కదా, దాంతో ఏ యంత్రమైనా సెకనుకి 70 మెట్లే. అమ్మ ఫిర్యాదు కూడా పోయింది. ప్రోగ్రాం అంటే ఏమిటో తెలియని ఇద్దరు, ఒకరు గీత అన్నారు, ఒకరు కళ్ళు అన్నారు. ఇద్దరూ ఒకే తప్పు దగ్గరికి దారి చూపించారు. ‘కేక’ అన్న పదిహేనుమందీ కలిసి ఒక్క వరుస కూడా రాయించలేకపోయారు.

కళ్ళ సంగతి నవ్వులాట కాదని మరుసటి ఏడాదే లోకానికి తెలిసింది. 1997 డిసెంబరులో జపాన్ టీవీలో పోకెమాన్ కార్టూన్లో ఎరుపూ నీలమూ గబగబా మెరిసే కొన్ని క్షణాల దృశ్యం చూసి ఆరువందల పైచిలుకు మందిని ఆసుపత్రులకి తీసుకెళ్ళాల్సి వచ్చింది, ఎక్కువమంది పిల్లలే. సెకనుకి మూడుసార్లకు మించి మెరుపులు వద్దని ఇవాళ వెబ్ ప్రమాణాల్లో రాసి ఉంది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అని ఎవరన్నా అంటే అభిరుచి లేదనుకోకండి, అట్టే వాదించకుండా వేగం తగ్గించండి.

అటెండర్ దగ్గర బుద్ధి తెచ్చుకున్నాను కదా, ఇక ఎవరేం చెప్పినా వినాలని ఒట్టు పెట్టుకున్నాను. అక్కడే మునిగాను. కాలేజీ వార్షికోత్సవంలో నా డెమో వేస్తామన్నారు. ఒకడు తిరిగే ఘనం పెట్టమన్నాడు, పెట్టాను. ఒకడు కాలేజీ పేరు కింద పరిగెత్తించమన్నాడు, పరిగెత్తించాను. చిరంజీవి బొమ్మ పెట్టమన్నవాణ్ణి మాత్రం ఎలాగో తప్పించుకున్నాను. చివరికి హెచ్‌ఓడీ గారు ‘మధ్యలో ప్రిన్సిపాల్ గారి ఫొటో వస్తే నిండుగా ఉంటుందయ్యా’ అన్నారు. ఆయన మాట కాదనేదెవరు? స్కాన్ చేయించి, గుండ్రంగా కత్తిరించి, ప్లాస్మా మధ్యలో కూర్చోబెట్టాను. కదలకుండా ఉన్నప్పుడు చూసుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకే అవలేదు.

తెరంతటికీ రంగుల పట్టీ ఒక్కటే. దాన్ని నేను తిప్పుతున్నాను. ఫొటోలోని చుక్కలు కూడా ఆ పట్టీ నంబర్లే. ఆ సాయంత్రం ముందు వరుసలో ప్రిన్సిపాల్ గారు, వారి శ్రీమతి, ముఖ్య అతిథి. హాల్లో దీపాలు ఆర్పారు. ప్లాస్మా మొదలైంది. నడుమ ప్రిన్సిపాల్ గారి మొహం ప్రత్యక్షమైంది, చప్పట్లు. ఆ మొహం మెల్లగా ఆకుపచ్చగా మారింది. తరవాత వంకాయ రంగు. కనుబొమల దగ్గర మొదలైన పసుపు బుగ్గల మీదుగా గడ్డం దాకా జారింది. వెనక బెంచీల నుంచి లేచిన ఈలలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఎవడో ‘హల్క్’ అని అరిచాడు. అప్రస్తుత ప్రసంగి అన్ని దేశాల్లోనూ ఉంటాడు.

ప్రిన్సిపాల్ గారు పెద్దమనసున్న మనిషి, ‘రంగులు బాగా పండాయి’ అని ఊరుకున్నారు. హెచ్‌ఓడీ గారు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. మందు ఆ రాత్రే దొరికింది, ఎప్పుడూ అంతే కదా. పట్టీలో మొదటి 128 రంగులు ఫొటోకి ఇచ్చి కదపకుండా ఉంచి, తక్కిన 128 మాత్రమే తిప్పితే సరి. వారం తరవాత ఆ సరిచేసిన డెమోని చూసింది అటెండర్ బాబాయ్ ఒక్కడే. డెమోలవాళ్ళలో కూడా ఇది ఆనవాయితీ అని తరవాత తెలిసి ఊరట పడ్డాను. పోటీలో హడావుడిగా ఆడించినదాన్ని ‘పార్టీ వెర్షన్’ అంటారు, ఇంటికెళ్ళి జనం మాటలు నెమరువేసుకుని సరిదిద్దినదాన్ని ‘ఫైనల్ వెర్షన్’ అంటారు. మా ఇంట్లో బాగానే ఆడిందండీ, ఇక్కడే ఏమైందో అనే బాధ ఫిన్లాండ్‌లోనూ ఉందట.

ఆ రోజుల్లో మా మావయ్య ఒకే ఒక్క ప్రశ్న వేసేవాడు: ‘దీనివల్ల ఉపయోగమేంట్రా?’ నా దగ్గర జవాబు లేదు. మా అత్తయ్య సంక్రాంతి నెల రోజులూ తెల్లవారుజామున లేచి ముగ్గు వేసేది, ఎనిమిదింటికల్లా సైకిళ్ళు తొక్కేసేవి, ఆవిణ్ణి ఏ రోజూ ఆ ప్రశ్న అడగలేదే అనిపించేది. పైకి అనలేదు. ఆ ఫ్యూచర్ క్రూ కుర్రాళ్ళలో కొందరు 1995లో రెమెడీ అనే ఆటల కంపెనీ పెట్టారని, ‘మ్యాక్స్ పెయిన్’ చేసింది వాళ్ళేనని అప్పటికి మాకు తెలియదు. 2020లో ఫిన్లాండ్ డెమోల సంప్రదాయాన్ని తమ జీవన వారసత్వాల జాతీయ జాబితాలో చేర్చింది, మరుసటి ఏడు జర్మనీ కూడా. మావయ్య ఉండి ఉంటే చెప్పేవాణ్ణి. ‘అయితే పెన్షనేమైనా ఇస్తారా’ అని అడిగేవాడు, నాకు తెలుసు.

ఇప్పుడు మా అమ్మాయి వంతు. ఇంజనీరింగు మూడో ఏడు. షేడర్లు అంటుంది, గ్రాఫిక్స్ కార్డు మీదే ప్రతి చుక్కకీ లెక్క నడిపించే ప్రోగ్రాములు. ‘ఎలివేటెడ్’ చేసినవాళ్ళలో ఒకరైన ఇనిగో కిలెజ్ రాసినవి చదివి నేర్చుకుంటోంది. నేను మూడు రోజులు పడ్డ ప్లాస్మా తనకి పదిహేను వరుసలు, పది నిమిషాలు. మొన్న రాత్రి హాల్లో పెద్ద టీవీకి తగిలించి, దీపాలు ఆర్పి, తన కొత్త డెమో వేసింది. గోదావరి మీద తెల్లవారడం. చీకటి నీలం నుంచి బూడిదలోకి, బూడిద నుంచి గులాబీలోకి ఆకాశం విచ్చుకుంటోంది. మా ఆవిడ ‘ఎంత బాగుందే’ అంది. నేను కళ్ళజోడు సవరించుకున్నాను.

‘అమ్మలూ, ఆకాశంలో ఆ మెట్లేంటే?’

‘ఏ మెట్లు?’

‘పైన, చీకటి దగ్గర. చాపలు పరిచినట్టు బద్దలు బద్దలుగా ఉంది.’

‘అది టీవీ ప్రాబ్లం నాన్నా.’

నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని కోప్పడింది. అటెండర్ బాబాయ్ కథ అప్పుడు చెప్పలేదు. లేచి, దాని ల్యాప్‌టాప్ వెలుతురు పెంచి, అదే చోట చూపించాను. మెట్లు అక్కడా ఉన్నాయి. కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. తరవాత తనే చెప్పింది, ‘బ్యాండింగ్’ అంటారట. చీకటి రంగుల్లో ఒక రంగుకీ పక్క రంగుకీ మధ్య తెరకి వేరే మెట్టు లేదు, అందుకని అంచు కనబడుతుంది. మందు కూడా తనకి తెలుసు: ప్రతి చుక్కకీ కంటికి ఆననంత గోల, అంటే ఇష్టమొచ్చినట్టు ఒక పిసరు ఎక్కువ తక్కువలు, చల్లాలి. అంచు చెదిరిపోతుంది. ముగ్గులో రెండు రంగులు కలిసే చోట మా అత్తయ్య రెండు వేళ్ళతో పిండి చల్లి అలికేది, అదే.

అంతటితో ఆగలేదు నేను. పడవ ఒకటి పెడితే బాగుంటుందన్నాను. వంతెన మీద రైలు పోతే ఇంకా బాగుంటుందన్నాను. ‘మెట్లు సరిచేస్తాను. పడవలూ రైళ్ళూ నీ డెమోలో పెట్టుకో’ అంది. వంకాయ రంగు ప్రిన్సిపాల్ గారు కళ్ళముందు మెదిలారు. నోరు మూసుకున్నాను.

రేపు రాత్రి భోజనాలయ్యాక ఫైనల్ వెర్షన్ వేస్తానంది. పక్కింటివాళ్ళని కూడా పిలవమంది, ముఖ్యంగా వాళ్ళ బామ్మగారిని. ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయి నెలైంది, ఇప్పుడు అన్నీ మరీ స్పష్టంగా కనబడుతున్నాయని వీధి వీధంతా భయపడుతోంది. మీరు కూడా రండి. చెప్పులు బయట విడవండి.